ఇరవై తొమ్మిదో వారం

నవంబరు నెలలో పొద్దున ఎనిమిదైనా సాలో అనే ఆ చలిదేశపు ఊళ్ళో దీపాలు ఆర్పే వేళ కాదు. కిటికీ అవతల మంచు కలిసిన వాన సన్నగా పడుతోంది. హిల్కా నల్లరొట్టె ముక్కలు కోసి, వెన్న డబ్బా మూత తీసి, రెండు కప్పుల్లోకి కాఫీ వంపింది. భర్త ఔలిస్ వంటింటి బల్ల దగ్గరే కంప్యూటరు తెరుచుకుని కూర్చున్నాడు. డెబ్భై రెండేళ్ళ మనిషి. ముక్కు కొసకి జారిన కళ్ళద్దాలు, మోచేతుల దగ్గర అతుకులు వేసిన స్వెట్టరు.

"ఇవాళ ఎన్ని దొంగ ఫోన్లొచ్చాయి మన కోర్టుకి?" అంది హిల్కా.

"రెండు కేసులు. ఒకటి మనమ్మాయే పంపింది."

"తైనాకీ పట్టిందా ఈ పిచ్చి?"

కోర్టు అనడం ఆ ఇంట్లో మామూలు మాట. ఆ ఊళ్ళో ఒకప్పుడు సగం ఇళ్ళకి అన్నం పెట్టింది ఫోన్ల ఫ్యాక్టరీ. అందులో ఔలిస్ నమూనాల గదిలో ఇరవై ఏడేళ్ళు పనిచేశాడు. ఏ ఫోనైనా దుకాణానికి వెళ్ళే ముందు చేత్తో ఓ ముప్ఫయ్యో నలభయ్యో తయారుచేసి, పరీక్షలు పెట్టి, ఆ తర్వాత నుజ్జు చేసేసేవారు. ఆ నుజ్జు యంత్రం నోట పడకుండా ఎవరి జేబులోనో ఎక్కి బయటపడ్డవి కొన్ని ఉంటాయి. ఫ్యాక్టరీ మూతపడ్డాక వాటికి ప్రపంచమంతా పిచ్చి ధరలు పెట్టి కొనేవాళ్ళు బయలుదేరారు. కొనేవాళ్ళుంటే నకిలీలు చేసేవాళ్ళకి కొదవా? ఫోటోలు పంపి, "అయ్యా, ఇది అసలుదేనా?" అని ఔలిస్‌ని అడుగుతారు. ఆయన పైసా పుచ్చుకోడు. చూసి ఒకటే మాట చెప్తాడు. నిజం, లేదా నకిలీ. పన్నెండేళ్ళుగా ఆ మాట మీద నమ్మకంతో ఎక్కడెక్కడివాళ్ళో ఆ ఫోన్లకి డబ్బు కడుతున్నారు. ఊళ్ళో ఇంకే విషయంలోనూ ఆయన్ని పెద్దగా ఎవరూ అడిగింది లేదు గనక, ఈ ఒక్క పేరూ ఆయనకి ప్రాణంతో సమానం.

తీర్పు మాత్రం ఇద్దరిదీ. లోపలి భాగాలు ఆయన చూస్తాడు, స్టిక్కర్లు ఆవిడ చూస్తుంది. అదే ఫ్యాక్టరీలో ఆవిడ పంతొమ్మిదేళ్ళు స్టిక్కర్లు అంటించింది మరి. కాగితం రంగు చూసి ఏ ఏడాదిదో చెప్పేస్తుంది.

ఔలిస్ కూతురి ఉత్తరం తెరిచాడు. తైనాకి ఇరవై ఏడేళ్ళు, మునిసిపాలిటీ మ్యూజియంలో పని. ఊరి ఫోన్ల కోసం ఒక గది కట్టిస్తున్నారు. 'నాన్నా, మలేషియాలో ఒకతను అమ్ముతున్నాడు. వేలితో తాకే తెర ఉన్న నమూనా, ఎప్పుడూ అమ్మకానికి రాని ఫోను. వేలం మధ్యాహ్నం పన్నెండుకి ముగుస్తుంది. నువ్వు నిజమంటే మ్యూజియం కొంటుంది, నకిలీ అంటే వదిలేస్తాం. పదకొండింటికి వస్తున్నా. అమ్మని ఏలకులు వేసిన ఆ తీపి పుల్లా రొట్టెలు చెయ్యమను.'

ఔలిస్ ఫోటోలు ఒక్కొక్కటే చూశాడు. మొదటిది చూసినప్పుడే చేతిలో కాఫీ కప్పు పక్కకి పెట్టేశాడు. తొమ్మిదో ఫోటో దగ్గర ఆయన వేలు ఆగిపోయింది. అమ్మేవాడు ఫోను పనిచేస్తోందని చూపించడానికి దాన్ని వెలిగించి, అందులోంచి ఎప్పుడో చేసిన కాల్ తాలూకు జాబితా ఫోటో తీశాడు. జాబితాలో ఒకే ఒక్క నంబరు ఉంది. పక్కన సమయం, రాత్రి ఏడూ నలభై రెండు.

ఔలిస్ కంప్యూటరు మూత దించేశాడు.

"ఏమైంది? చూడనీ," అంది హిల్కా, గిన్నె తుడుస్తూ.

"కాఫీ అయ్యాక చూద్దాంలే."

"స్వెట్టరు మెడదాకా లాక్కున్నావేంటయ్యా?"

"చలి."

ఇంట్లో చలి లేదు. హీటరు బాగానే పనిచేస్తోంది. హిల్కా ఒక్క క్షణం ఆయన మొహం చూసి, పిండి డబ్బా తీయడానికి వెళ్ళింది.

పద్దెనిమిదేళ్ళ కిందటి జులై అది. జులైలో ఫ్యాక్టరీకి తాళం పడేది. ఊరు ఊరంతా చెరువుల ఒడ్డున వేసవి ఇళ్ళకి పోయేది. ఆ ఏడు ఇరవై తొమ్మిదో వారం బుధవారం సాయంత్రం ఔలిస్ మామగారి వేసవి ఇంటికి వెళ్ళాలి. రెండు గంటల దారి. ముసలాయన ఒస్కారి వలలు వేసి ఉంచాడు, ఇద్దరూ కలిసి తియ్యాలి. అప్పటికి తొమ్మిదేళ్ళ తైనాకి చెవిపోటని హిల్కా సాలోలోనే ఉండిపోయి, రేపొస్తానని మొగుణ్ణి ముందు పంపింది. ఔలిస్ ఊరు దాటకుండానే పై అధికారి ఫోను చేశాడు. మూతపడ్డ ఫ్యాక్టరీలోకి వెనక తలుపునుంచి రమ్మన్నాడు. పొద్దుటికల్లా ఒక నమూనా తయారు కావాలి, పెళ్ళాంతో కూడా చెప్పకూడదు అన్నాడు. అట్లా చెప్పనని కాగితాల మీద సంతకాలు ఎప్పుడో అయిపోయాయి. ఇంతమందిలో తననే పిలిచారని ఔలిస్‌కి లోపల గర్వంగానే ఉంది.

తెల్లారి ఆరింటికి ఆయన వేసవి ఇంటికి చేరేసరికి పడవ తుంగలో బోర్లాపడి ఉంది. మామగారు దొరకడానికి మధ్యాహ్నమైంది. బస్సు దిగి పరిగెత్తుకొచ్చిన హిల్కా పోలీసు పడవ ముందే అడిగింది, "రాత్రంతా ఎక్కడున్నావు?" అని. నోటికొచ్చింది అనేశాడు. ఫోర్స్సా దారిలో కారు ఆగిపోయిందన్నాడు, చేతిలో ఫోనుకి ఛార్జి అయిపోయిందన్నాడు, తెల్లవార్లూ అందులోనే కూర్చున్నానన్నాడు.

ఒక్కరోజు అబద్ధమనుకున్నాడు. అంత్యక్రియలయ్యాక చెప్పేద్దామనుకున్నాడు. అప్పటికి హిల్కా ఆ నీలం కారుని బతికున్న మనిషిని తిట్టినట్టు తిట్టడం మొదలుపెట్టింది. దాన్ని తుక్కుకి అమ్మేదాకా ఆవిడకి నిద్రపట్టలేదు. తిట్టుకోవడానికి ఆవిడకి ఒక కారన్నా దొరికింది కదా, అది కూడా ఎందుకు లాక్కోవాలని ఔలిస్ తనకి తాను నచ్చజెప్పుకున్నాడు. పిరికివాళ్ళకి ఇలాంటి సమాధానాలు బాగా దొరుకుతాయి.

ఇప్పుడు ఒక్క మాట చాలు. నకిలీ అంటే తైనా వదిలేస్తుంది. ఆ ఫోను ఏ జపానువాడి బీరువాలోకో పోతుంది. అమ్మకం కాగితంలో చివర రాసి ఉంది కూడా, పంపే ముందు లోపల ఉన్నదంతా తుడిచేస్తానని. తుడిచేస్తే ఇంకేముంది? ఎవరికీ ఏమీ తెలియదు.

పదకొండు కొట్టేసరికి తైనా వచ్చింది. బూట్లు గుమ్మం దగ్గర విప్పి, తడిసిన టోపీ హీటరు మీద పడేసి, వేడివేడి పుల్లా రొట్టె నోట్లో పెట్టుకునే కంప్యూటరు మూత ఎత్తింది.

"నాన్నా, చూశావా?"

"పైపైన."

"మునుపు ముప్పావుగంట భూతద్దం పెట్టుకుని కూర్చునేవాడివి, పైపైన ఏంటి?"

"ముందు నన్ను చూడనివ్వండి, స్టిక్కరు నాది," అంటూ హిల్కా చేతులు తుడుచుకుని కుర్చీ లాక్కుంది. తెరకి దగ్గరగా వంగింది. "కాగితం మనదే. మూల గుండ్రంగా కోశారు చూడు, రెండువేల అయిదు తర్వాతే అట్లా వచ్చింది. జిగురు కూడా పచ్చబడింది. పేరుండాల్సిన చోట ఖాళీ. 'అమ్మకానికి కాదు' అని చేత్తో కొట్టిన ముద్ర. ఎవడో గానీ బాగా చదువుకున్న దొంగ." వేలితో అంకెలు చదివింది. "సున్నా ఆరు, రెండు, తొమ్మిది. అంటే రెండువేల ఆరు, ఇరవై తొమ్మిదో వారం."

ఆగి, తల వెనక్కి వేసి ఫక్కున నవ్వింది.

"జులై! ఒసేయ్ తైనా, జులైలో ఫ్యాక్టరీలో ఎలుకలు కూడా ఉండేవి కాదే! మలేషియావాడికేం తెలుసు పాపం, మనకి జులైలో సెలవులని. ఇంత బాగా చేసి ఇక్కడ దొరికిపోయాడు. నకిలీ!"

"నకిలీనే," అన్నాడు ఔలిస్.

పన్నెండేళ్ళలో ఒక ఫోను గురించి ఆయన అబద్ధం చెప్పడం అదే మొదలు. మాట బయటికొచ్చాక నోరు చేదుగా అయింది. కాఫీ తాగబోతే కప్పు ఖాళీ.

తైనా మాత్రం కదల్లేదు. "నాన్నా, నువ్వింకా లోపలి ఫోటో చూడనే లేదు. చూడకుండా తీర్పు చెప్పడం నీ ఒంట్లో లేదు. ఏమైంది నీకు?"

"అమ్మ చెప్పింది కదా. జులై."

"అయినా చూడు. నేను ఆఫీసులో కారణాలు రాసివ్వాలి." ఆ పిల్ల ఫోటో మార్చింది. ఫోను వెనక మూత తీసిన ఫోటో అది. లోపల ఎర్రరంగు పలక, దాని మీద తలవెంట్రుకంత సన్నని తీగ ఒకటి ఒంపు తిప్పి అతికించి ఉంది. నాలుగు మూలలా నాలుగు మరలు. ఒక్కో మర నెత్తిన ఒక చుక్క రంగు.

"ఆగు. పెద్దది చెయ్యి," అంది హిల్కా. "ఇంకా. ఇంకా... ఇది నా గోళ్ళ రంగు!"

"ఏంటీ?"

"పగడపు రంగు. స్టాక్‌హోమ్ వెళ్ళే ఓడలో దుకాణంలో కొన్నాను, ఒకటే సీసా, రెండుసార్లు కూడా వేసుకోలేదు. ఎక్కడ పోయిందో తెలియక నిన్నే అనుమానించాను."

"అనుమానించడమేంటమ్మా, వారం రోజులు ఐస్‌క్రీమ్ లేకుండా చేశావు! నేను తియ్యలేదు మొర్రో అని ఏడిస్తే, 'ఏడిచేవాళ్ళే తీస్తారు' అన్నావు." తైనా పకపకా నవ్వి తండ్రి భుజం చరిచింది. "దొంగ ఇక్కడున్నాడు చూడు! మరలు వదులవకుండా దీంతో అతికించావు కదూ నాన్నా?"

నవ్వు హిల్కా మొహం మీదకి కూడా వచ్చింది. ఆ నవ్వు ఎంతసేపు ఉంటుందో ఔలిస్‌కి తెలుసు. ఆయన ఆవిడ పెదవులకేసి చూస్తూ కూర్చున్నాడు. ముందు కళ్ళలో ఆగిపోయింది. తర్వాత పెదాలు దగ్గరకొచ్చాయి.

"అంటే ఇది నిజమైనదే," అంది మెల్లిగా. "నువ్వే చేశావు. నీ చేత్తో."

ఔలిస్ బల్ల మీద రాలిన రొట్టె పొడి వేలితో ఒక చోటికి చేర్చాడు.

"ఆ ఏడాది ఇరవై తొమ్మిదో వారంలో."

గోడ మీద క్యాలెండరు ఉంది. హిల్కా అటు చూడలేదు. ఇందాక నకిలీ అంకె అనుకుని నవ్వేసింది గానీ, ఆ వారం ఏదో ఆవిడకి క్యాలెండరు చెప్పక్కర్లేదు. పోయిన శనివారమే, చనిపోయినవాళ్ళ పండగనాడు, తండ్రి సమాధి దగ్గర కొవ్వొత్తి వెలిగించి వచ్చారు. గాలికి ఆరిపోతుంటే ఔలిసే రెండు చేతులూ అడ్డంపెట్టి కూర్చున్నాడు.

ఇంకా తప్పించుకోవచ్చు. ఆ సీసా వేరేవాడికి ఇచ్చాననొచ్చు. వాడు చేశాడనొచ్చు. ఔలిస్ నోరు తెరిచాడు. ఏమీ తెలియని తైనా అప్పటికే తొమ్మిదో ఫోటోకి వెళ్ళింది.

"ఇది చూడమ్మా, కాల్ చేసిన నంబరు కూడా అలాగే ఉంది. మన ఊరి నంబరులా లేదు, ఇదెక్కడి కోడ్?"

హిల్కా పైకి చదవడం మొదలుపెట్టి మూడో అంకె దగ్గరే ఆగిపోయింది. మిగతావి చదవాల్సిన పని లేకపోయింది. ఆ బుధవారం రాత్రి చిన్నదాన్ని ఒళ్ళో పడుకోబెట్టుకుని ఆవిడ ఆ నంబరు తిప్పుతూనే ఉంది. అవతల మోగి మోగి ఆగిపోతూనే ఉంది.

"మా నాన్న నంబరు," అంది.

తైనా రొట్టె ముక్క పళ్ళెంలో పెట్టేసింది.

"కారు ఆగిపోలేదు," అంది హిల్కా.

"లేదు."

"ఫోర్స్సా దారిలో."

"నేను ఊరే దాటలేదు హిల్కా. ఫ్యాక్టరీలో ఉన్నాను. తెల్లవారుజామున నాలుగుకి పని అయింది, అప్పుడు బయల్దేరాను."

హిల్కా లేచింది. అరుస్తుందనుకున్నాడు. అరవలేదు. సింకు దగ్గరికెళ్ళి, కడిగి ఉన్న గిన్నెనే మళ్ళీ కడగడం మొదలుపెట్టింది.

"పద్దెనిమిదేళ్ళు ఆ కారుని తిట్టాను," అంది అటు తిరిగే. "ఒక ఇనప డబ్బాని. ప్రతి జులైలో తిట్టాను. నువ్వు పక్కనే కూర్చుని 'ఊఁ' అనేవాడివి. ఊఁ! ఏం మనిషివయ్యా నువ్వు? ఎవరెవరివో ఫోన్లు ఫోటోలో చూసి నిజమా నకిలీయా అని చెప్తావు, దేశాలవాళ్ళంతా నీకు దణ్ణాలు పెడతారు. మరి నువ్వేంటి? ఇందాక 'నకిలీ' అన్నావే, అది ఎవరికి చెప్పావు?"

"నాకే చెప్పుకున్నాను."

"మాటలు బాగా వచ్చు!" గిన్నె సింకులో ధడాలున పడింది. ఆవిడ ఇటు తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గానీ తడి లేదు. "పనుంటే ఉంది. ఫ్యాక్టరీ పిలిస్తే వెళ్ళావు, అది నాకు అర్థం కాదా? నేను కూడా ఆ ఫ్యాక్టరీ కట్టుబాట్ల కింద పనిచేసిన దాన్నే కదా. నేను ఏడ్చింది దానికి కాదు. ఆరోజు వేసవి ఇంట్లో బల్ల మీద రెండు కప్పులున్నాయి. నేను లోపలికెళ్ళి మొదట చూసింది అదే. మా నాన్న రెండు కప్పులు పెట్టుకుని నీకోసం చూశాడు, దారికేసి చూసి చూసి, అల్లుడు మర్చిపోయాడనుకుని, ఒక్కడే పడవెక్కాడు. ఇన్నేళ్ళూ కళ్ళు మూసుకుంటే నాకు కనిపించేది ఆయన అట్లా కిటికీ దగ్గర కూర్చుని..."

"అమ్మా, కూర్చో," అని తైనా లేచి భుజం పట్టుకోబోయింది. హిల్కా విదిలించేసింది.

ఔలిస్ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. కప్పుల సంగతి ఆయనకి తెలియదు. ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు. ఆయన ఒక దాపరికంతో బతికితే, ఆవిడ ఆ దృశ్యంతో ఒంటరిగా బతికింది. అది ఇప్పుడే ఆయనకి అర్థమైంది.

"ఆయన నాకోసం చూడలేదు," అన్నాడు.

"ఏం?"

"హిల్కా, ఆ నంబరు చూశావు కదా. నేను ఫోను చేశాను. మాకొక అలవాటుండేది. కొత్త నమూనాకి మొదటిసారి ప్రాణం రాగానే, ఎవరికీ చెప్పకుండా మొదటి కాల్ ఇంటివాళ్ళకి చేసేవాళ్ళం, మంచిదని. ఫోను సంగతి ఎత్తకుండా ఊరికే 'ఏం వండారు' అనేవాళ్ళం. తర్వాత జాబితా తుడిచేసేవాళ్ళం. నీకు ఎన్నిసార్లు చేశానో! ఆరోజు మీ నాన్నకి చేశాను. పని అయ్యాక బయల్దేరే తొందరలో తుడవడం మర్చిపోయి బల్ల మీద పెట్టి వెళ్ళాను. మళ్ళీ వచ్చేసరికి అది దేశం దాటిపోయింది. ఎక్కడో నుజ్జయిపోయి ఉంటుందనుకున్నాను."

హిల్కా గోడకి ఆనుకుంది. "ఎత్తాడా?"

"ఎత్తాడు."

"ఏమన్నావు?"

"రాత్రికి రాలేను మామయ్యా, పొద్దున కాఫీకి ఉంటాను, వలలు నేనొచ్చాక తీద్దాం, ఒక్కరే వెళ్ళకండి అన్నాను. నవ్వాడు. పొద్దున కాఫీకి రా అబ్బాయ్, కప్పు పెట్టి ఉంచుతాను, నువ్వొచ్చేసరికి చేప పొగమీద ఉంటుందన్నాడు. ఒక్కడినే పోతున్నానని హిల్కాకి చెప్పకు, తిడుతుంది అన్నాడు." ఔలిస్ చేతులు బల్ల మీద బోర్లా పెట్టుకున్నాడు. "నేను చెప్పలేదు. గట్టిగా వద్దని కూడా అనలేదు. పని చేతిలో ఉంది, పెట్టేశాను. పొరుగాయనకి ఒక్క ఫోను చేసి చూసుకోమన్నా బతికేవాడు. కారు అబద్ధం దీనికోసం హిల్కా. ఫ్యాక్టరీ కోసం కాదు."

ఆ మాట అనడానికి ఆయనకి పద్దెనిమిదేళ్ళు పట్టింది. అన్నాక తల ఎత్తలేకపోయాడు. డెబ్భై రెండేళ్ళ మనిషి, కూతురి ముందు, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

హిల్కా బల్ల మీది ఖాళీ కప్పుకేసి చూసింది.

"కప్పులు బోర్లించి ఉన్నాయి," అంది, తనలో తనే అనుకున్నట్టు. "రెండూ బోర్లించి ఉన్నాయి. వాటికింద గుడ్డ. మా నాన్న పొద్దుటికి కప్పులు అట్లాగే పెట్టేవాడు, దుమ్ము పడకుండా. సాయంత్రానికైతే బోర్లించడు." చేత్తో నోరు మూసుకుంది. "చూశాను. కళ్ళారా చూశాను, నాకు తట్టలేదు. ఆయన నీకోసం కాచుకోలేదు. అల్లుడు పొద్దున వస్తాడని..."

అప్పుడు వచ్చాయి కన్నీళ్ళు. తైనా తల్లిని కుర్చీలో కూర్చోబెట్టింది. ఈసారి హిల్కా విదిలించలేదు. భర్త చెయ్యి మాత్రం ముట్టుకోలేదు. ముట్టుకోవడానికి ఇంకా టైము పడుతుంది. కారు మీద పెట్టిన పద్దెనిమిదేళ్ళ కోపం ఒక్క పూటలో ఎక్కడికి పోతుంది?

గోడ గడియారంలో పన్నెండుకి తొమ్మిది నిమిషాలుంది. తైనా తెరకేసి చూసి, తటపటాయించి, "అమ్మా, దీన్ని వదిలేస్తున్నాను," అంది. "ఎవరు కొనుక్కుంటే ఏం, మనకొద్దు."

"మీ నాన్నని అడుగు," అంది హిల్కా ముక్కు తుడుచుకుంటూ. "కోర్టు ఆయనది. తీర్పు సరిగ్గా చెప్పమను."

ఔలిస్ కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. తెర మీద నాలుగు పగడపు చుక్కలు, తన చేత్తో తిప్పిన తీగ కనిపిస్తున్నాయి.

"నిజం," అన్నాడు.

"కొనమంటావా?" అంది తైనా తల్లితో.

"కొను. వాడికి ఒక ముక్క రాయి ముందు." హిల్కా ఒక్కసారిగా ముందుకి వంగింది, గొంతు పెద్దదైంది. "పంపే ముందు అంతా తుడిచేస్తానన్నాడు కదా వాడు, తుడవొద్దని రాయి. ఒక్క అంకె కూడా పోకూడదని రాయి. దుమ్ముంటే దుమ్ముతోనే పంపమను. ఇప్పుడే రాయి!"

తైనా గబగబా టైపు చేసింది. కొట్టిన ఒక్కో అక్షరం హిల్కా చూస్తూనే ఉంది. తైనా అది పంపి వేలంలో ధర కూడా వేశాక హిల్కా లేచి, ఔలిస్ ముందున్న ఖాళీ కప్పు తీసుకుని, కాఫీ పోసి మళ్ళీ అక్కడే పెట్టింది. తనకీ పోసుకుంది. ఎదురుగా కూర్చుంది.

మామగారి గొంతు అనుకరించడంలో ఔలిస్‌కి ఒకప్పుడు చుట్టాలందరిలో పేరు. సౌనా ఆవిరిగదిలో కూర్చుని అందరినీ నవ్వించేవాడు. ఆ జులై తర్వాత ఎవరు అడిగినా చెయ్యలేదు.

"ఇంకోసారి చెప్పు," అంది హిల్కా. "మా నాన్న ఏమన్నాడో. నీ గొంతుతో కాదు, ఆయన గొంతుతో చెప్పు."

ఔలిస్ గొంతు సవరించుకున్నాడు. రెండుసార్లు మొదలుపెట్టి ఆగాడు. మూడోసారి వచ్చింది.

"పొద్దున కాఫీకి రా అబ్బాయ్..."